రెండు వందల పన్నెండో నంబరు

మా వైద్య కళాశాలలో ప్రొఫెసర్లు తొంభై మంది. అందులో రోగిని ముట్టుకోని ప్రొఫెసర్ని నేనొక్కదాన్నే. నా పేరు మంగతాయారు, చెప్పేది గణాంక శాస్త్రం. పిల్లలు లెక్కల మేడం అంటారు. డాక్టర్లు ఏదో పరిశోధన ముగించి, అది నిజమని తేల్చిపెట్టమని కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెడతారు. నేను చూసి, తేలలేదంటాను. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోతారు. ముప్పై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. అందులో నాకు కొంత సంతోషం ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

శరీర ధర్మ శాస్త్రం చెప్పే డాక్టర్ విశ్వపతి గారు పన్నెండేళ్ళు కష్టపడి ఒక సంగతి కనిపెట్టారు. మంచి డాక్టరు నొప్పితో ఉన్న రోగి మణికట్టు పట్టుకున్నప్పుడు డాక్టరు నాడి కూడా రోగి నాడి వెంట పరుగెత్తుతుంది. కొంతసేపు పరుగెత్తి, ముందు తాను నెమ్మదిస్తుంది. దాని వెనకాలే రోగి నాడీ నెమ్మదిస్తుంది. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని తల్లి అటూ ఇటూ నడుస్తుంటే పిల్ల ఊపిరి కుదుటపడుతుంది చూడండి, అలాంటిదే. పేరున్న డాక్టర్లు మూడు వందల మంది మీద ఆయన ఈ కొలత తీశారు. పేరులేని వాళ్ళ మీదా తీశారు. తేడా స్పష్టంగా కనిపించింది. రోగికి ఒక పట్టీ, డాక్టరుకి ఒక పట్టీ, మధ్యలో టిఫిను క్యారియరంత పెట్టె. ఏడు నిమిషాల్లో నూటికి ఇన్ని అని అంకె చూపిస్తుంది. దానికి జతనాడి అని పేరు పెట్టారు.

అప్పటిదాకా ప్రవేశ పరీక్షలో మార్కులొచ్చిన వాళ్ళకి సీటు వచ్చేది. మార్కులు దండిగా వచ్చి రోగి వాసన తగిలితే మొహం తిప్పుకునేవాళ్ళు ప్రతి బ్యాచీలోనూ ఉంటారని మా అందరికీ తెలుసు, కానీ కొలిచే సాధనం లేదు. ఇప్పుడు దొరికింది. ప్రయోగంగా ఒక్క మా కాలేజీకి అనుమతి వచ్చింది. ప్రవేశ పరీక్ష గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి రానిచ్చేది జతనాడి. ఈ కబురు పత్రికల్లో పడిన నాలుగు నెలలకే ఊళ్ళలో గుండె కోచింగు మొదలైంది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, కాలు విరిగినవాళ్ళ వీడియోలు చూపించి, ఎప్పుడు గుండె పెంచాలో ఎప్పుడు తగ్గించాలో ఈల వేసి నేర్పేవారట. పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా, కొందరికి నాలుగు మార్కులు పెరిగాయి, కొందరికి గుండెదడ పట్టుకుంది.

నేను విశ్వపతి గారిని ఒక్కటే అడిగాను. ఈ పెట్టె పనికిరారన్నవాళ్ళు చెడ్డ డాక్టర్లవుతారని మీకెలా తెలుసన్నాను. అంకె తక్కువొచ్చింది కదా అన్నారు. వాళ్ళు డాక్టర్లే కాకపోతే, చెడ్డవాళ్ళయ్యేవారో మంచివాళ్ళయ్యేవారో ఎప్పటికీ తెలియదు కదండీ అన్నాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో వారం ఆయనే నా గదికి వచ్చి కూర్చుని, మీరన్నది నిజమే, ఏం చేద్దామో చెప్పండి అన్నారు. ఎంత మొండివాడైనా ఆయన శాస్త్రవేత్తే, ఆ మర్యాద ఆయనకి ఇవ్వాలి.

చేయాల్సిన పని నేనే చెప్పాను. నూట యాభై సీట్లలో నూట నలభై ఐదు పెట్టె చెప్పినట్టే నింపుదాం. మిగతా ఐదు మాత్రం వెయిటింగ్ లిస్టు అడుగునుంచి నింపుదాం, అంటే పెట్టె అందరికన్నా పనికిరారన్న ఐదుగురితో. పదేళ్ళు చూద్దాం. వాళ్ళెవరో నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు. పాఠం చెప్పేవాళ్ళకి తెలిస్తే చిన్నచూపు చూస్తారు, వాళ్ళకే తెలిస్తే మనిషి మారిపోతాడు. అందుకని నియమావళిలో ఒక షరతు కూడా నేనే రాశాను. తాను ఆ ఐదుగురిలో ఒకరినని తెలిసిపోయి, అందువల్ల పరిశోధనకు నష్టం కలిగితే ఆ అభ్యర్థిని తొలగించాలి, ఆ సీటు వెయిటింగ్ లిస్టులో మొదటివారికి చెందాలి. చాలా పకడ్బందీగా రాశానని ఆ రోజు అనుకున్నాను.

అభ్యర్థులు సంతకం పెట్టిన కాగితాల్లో ఈ సంగతి ఉంది. పంతొమ్మిది పేజీల్లో పద్నాలుగో పేజీలో ఉంది. మన దేశంలో పద్నాలుగో పేజీ దాకా చదివి సంతకం పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ ఏడాది జతనాడి పరీక్షకి వచ్చినవాళ్ళు మూడు వందల యాభై ఏడు మంది. రోజుకి ముప్పై మందిని చూసేవాళ్ళం. కాలిన గాయాల వార్డులో, ఒప్పుకున్న రోగులకు కట్టు మార్చే వేళ, అభ్యర్థి మంచం పక్కన కూర్చుని రోగి మణికట్టు పట్టుకోవాలి. నేను అద్దం వెనక కూర్చుని అంకెలు రాసుకునేదాన్ని. మూడు రోజులయ్యేసరికి నాకు విసుగొచ్చేసింది. పిల్లలంతా కళ్ళు పెద్దవి చేసి, కనుబొమలు ముడిచి, అయ్యో అన్నట్టు తలలు ఊపుతున్నారు.

ఐదో రోజు ఓలేటి నూకరత్నం అనే అమ్మాయి వచ్చింది. ఉప్పాడ వైపు పిల్ల. తండ్రి వీర్రాజు ఆర్.ఎం.పి., అంటే డాక్టరు చదువు చదవకుండా డాక్టరనిపించుకునేవాడు. బెస్తవాళ్ళకి వలలు కోసుకున్న చేతులకి కట్లు కట్టి, జ్వరాలకి సూదులు వేస్తాడు. ఆ రోజు మంచం మీద ఉన్నది హోటల్లో వంటచేసే మనిషి. మరిగే గంజి కాలి మీద ఒలికింది. నర్సు కట్టు విప్పుతుంటే ఆవిడ నాడి నూట ముప్పై దాటింది. రత్నం నాడి డెబ్భై రెండు దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది. కనుబొమలు ముడవలేదు. ఆ గంజి ఎంతమందికి వండినదని అడిగింది. రెండు వందల మందికి అంది ఆవిడ. అంత గిన్నె ఒక్కదానివే ఎలా దింపుతావని అడిగింది. ఆవిడ పళ్ళు బిగించుకుంటూనే, గుడ్డ ఎలా పట్టుకోవాలో, గిన్నె ఎటు వంచాలో చెప్పుకొచ్చింది. నాలుగో నిమిషంలో ఆవిడ నాడి తొంభైకి దిగింది. ఏడో నిమిషంలో పెట్టె అంకె చూపించింది. పదకొండు.

రోగి నాడి దిగింది కదా అని నేనన్నాను. విశ్వపతి గారు గీతలు చూపించి, ఈ అమ్మాయి నాడి అసలు కదలలేదు, రెంటికీ జత ఎక్కడుంది, రోగి తనంతట తాను నెమ్మదించింది అన్నారు. కావచ్చు. ఒక్కసారి జరిగినది ఏదీ రుజువు కాదని క్లాసులో చెప్పేదాన్ని నేనే. కాగితం మీద పదకొండు అని రాశాను. మూడు వందల యాభై ఏడు మందిలో అదే ఆఖరి అంకె. వెయిటింగ్ లిస్టులో రెండు వందల పన్నెండో నంబరు.

ఐదు పేర్లు కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, నా బీరువాలో దాచాను. ఎవరి నంబరు వాళ్ళ ఫోనుకే వెళ్ళేది కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. ఆ ఏడాది సీటు వదులుకున్నవాళ్ళు కూడా ఎవరూ లేరు. నూట నలభై ఐదు మందితో పాటు ఆ ఐదుగురూ తెల్లకోట్లు వేసుకుని క్లాసుకి వచ్చారు. నేను వాళ్ళకి గణాంకం చెప్పాను.

రత్నం మూడో వరసలో కూర్చునేది. తెలియనిది తెలియదని చెప్పే పిల్ల, మెడికల్ కాలేజీలో అది అరుదు. ఒకసారి నా గదికి వచ్చి సగటుకీ మధ్యగతానికీ తేడా మళ్ళీ చెప్పించుకుంది. వెళ్తూ వెళ్తూ, మా ఊరిదండి అని ఒక పొట్లం చేతిలో పెట్టింది. రొయ్యపొట్టు. మేం ఉల్లిపాయే ఇంట్లోకి రానివ్వని వాళ్ళం. ఆ మాట చెప్పడానికి నోరు రాక తీసుకుని, లైబ్రరీలో పనిచేసే ఫాతిమాకి ఇచ్చాను. నిజానికి నేను ఆ పిల్లతో అంత చనువుగా ఉండకూడదు. ప్రయోగంలో ఉన్నవాళ్ళ మీద ఇష్టం పెంచుకోకూడదని నియమావళిలో రాయలేదు కానీ, రాయాల్సింది. ఆ పిల్లంటే నాకు ఇష్టం కలిగింది.

మూడు నెలలు గుట్టుగా గడిచింది. గుట్టు బయటపెట్టింది పత్రికలవాళ్ళు కాదు, కాలేజీ వాళ్ళు కాదు. ఒక ఫ్లెక్సీ.

మన ఊళ్ళలో బిడ్డకి సీటొస్తే తండ్రి ఊరుకోడు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తాడు. దాని మీద ర్యాంకు వేయిస్తాడు. ర్యాంకు లేని ఫ్లెక్సీ ఉప్పులేని పప్పుతో సమానం. వీర్రాజు చేతిలో ఉన్న అంకె ఒక్కటే, కాలేజీ పంపిన వెయిటింగ్ లిస్టు నంబరు. దాన్ని దాచుకోవాలని అతనికి తోచలేదు సరికదా, అంత అడుగునుంచి ఎగబాకడం మొదటి ర్యాంకు కన్నా గొప్పనుకున్నాడు. రోడ్డు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టించాడు. వెయిటింగ్ లిస్టులో 212వ స్థానం నుండి అకుంఠిత దీక్షతో ఎం.బి.బి.ఎస్. సీటు సాధించిన మత్స్యకార ముద్దుబిడ్డ కుమారి ఓలేటి నూకరత్నానికి హార్దిక శుభాకాంక్షలు. చుట్టూ పదహారు మంది శ్రేయోభిలాషుల ఫోటోలు, మధ్యలో తెల్లకోటుతో రత్నం.

ఒక ఆదివారం భాస్కరరావు మాస్టారు ఆ దారిన చేపలు కొనుక్కోడానికి వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్తారు. ఆయన కూతురు కొప్పిశెట్టి ప్రజ్ఞ అదే వెయిటింగ్ లిస్టులో మొదటి నంబరు. ప్రజ్ఞ అంకె అరవై మూడు పాయింట్ ఎనిమిది, ఆఖరి సీటు వచ్చినవాడిది అరవై నాలుగు. ఆ అమ్మాయి మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఫోను చూసుకుంటోంది. మాస్టారు స్కూటరు ఆపి ఆ ఫ్లెక్సీ రెండుసార్లు చదివారట. చేపలు కొనకుండానే ఇంటికి వెళ్ళి, ఒకటో నంబరుకి రాని సీటు రెండు వందల పన్నెండుకి ఎలా వచ్చిందని ఫిర్యాదు రాశారు. లెక్కల మాస్టారు కదా, ఒక్క పేజీలో రాశారు. అందులో కొట్టిపారేయడానికి ఒక్క వాక్యం లేదు.

విచారణకి ఒక రిటైర్డు జడ్జి గారిని వేశారు. ప్రిన్సిపాల్ గారి మీటింగు హాల్లో పొద్దున్న పదింటికి కూర్చున్నాం. ఒక పక్క మాస్టారు, ప్రజ్ఞ. ఇంకో పక్క వీర్రాజు, రత్నం. మధ్యలో నేను, విశ్వపతి గారు. వీర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు. ఎవరో కుళ్ళుబోతు పెట్టిన అర్జీ, కాలేజీ వాళ్ళు చూసుకుంటారు అన్న ధైర్యం అతని మొహంలో కనిపిస్తోంది. కవరు విప్పే ముందు రత్నాన్ని బయటికి పంపండని జడ్జి గారిని అడిగాను. ఆమె సీటు గురించి మాట్లాడుతూ ఆమెను బయట నిలబెట్టడం న్యాయం కాదన్నారు. ఆయన మాట తప్పనడానికి లేదు. కవరు విప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

వీర్రాజుకి మొదట అర్థం కాలేదు. పరిశోధన అన్న మాట పట్టుకుని, “అంటే మా అమ్మాయిని పరిశోధనకి ఏరి తీసుకున్నారన్నమాటండి” అన్నాడు. మాస్టారి వైపు గర్వంగా చూశాడు కూడా. నేను తల దించుకున్నాను. జడ్జి గారే అతనికి తెలుగులో, నెమ్మదిగా, రెండోసారి చెప్పారు. యంత్రం లెక్క ప్రకారం మీ అమ్మాయి మంచి డాక్టరు కాదు. ఆ లెక్క నిజమో కాదో చూడ్డానికి ఆమెను చేర్చుకున్నారు. వీర్రాజు జేబులో పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రత్నం నన్నే చూస్తోంది.

“నాకెంతొచ్చిందండి?” అంది.

“పదకొండు.”

“అందరికన్నా తక్కువాండి?”

“అవునమ్మా.”

ఆ పిల్ల ఏడవలేదు. అద్దం వెనకనుంచి నన్ను ఎవరు చూశారండి అని అడిగింది. నేనే అన్నాను. ఆ వంటావిడకి నొప్పి తగ్గిందాండి అని అడిగింది. తగ్గిందన్నాను. సూది వేసేటప్పుడు వాళ్ళతో పాటు మనమూ అదిరిపోతే చెయ్యి వణుకుతుందని చిన్నప్పటినుంచీ తండ్రి చెప్పేవాడట, అందుకని తనకి అదిరిపోవడం రాదట. ఈ మాట ఎవర్నీ తప్పుపడుతున్నట్టు కాకుండా, డాక్టరుకి రోగం లక్షణాలు చెప్పినట్టు చెప్పింది. విశ్వపతి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

జడ్జి గారు నియమావళి తెప్పించి నేను రాసిన షరతు పైకి చదివారు. చదివి కళ్ళజోడు తీశారు. పద్నాలుగో పేజీ మీద ఇద్దరు అమ్మాయిల సంతకాలూ ఉన్నాయి కాబట్టి కాలేజీ తప్పు లేదన్నారు. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న, అది చట్టానిది కాదు, శాస్త్రానిది అన్నారు. ఈ అమ్మాయికి ఇప్పుడు సంగతి తెలిసింది. అందువల్ల మీ పరిశోధనకు నష్టం ఉందా? లేదని మీరంటే ఆమెను కదపను. ఉందంటే సీటు ప్రజ్ఞకి వెళ్తుంది. చెప్పవలసింది మీరు, అని నా వైపు తిరిగారు.

విశ్వపతి గారు నా వైపు వంగి, “లేదనండి. ఐదుగురిలో ఒకరికి తెలిస్తే కొంప మునగదు” అన్నారు, నాకు మాత్రమే వినబడేలా. యంత్రం చేసిన మనిషి అన్న మాట అది. నాకు ఆశ్చర్యం వేసింది, కోపమూ వచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒక పక్క ఆ సీటు న్యాయంగా తనదైన పిల్ల ఉంది. ఇంకో పక్క తన తప్పేమీ లేకుండా పట్టుబడిన పిల్ల ఉంది. ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా నేను ప్రశ్న ఒక్కటే చూశాను. తెలిసిపోయిన మనిషి ప్రవర్తన మారుతుంది. మారితే కొలత చెడుతుంది. ఇది మొదటి ఏడాది పాఠం. ఇరవై ఆరేళ్ళలో ఒక్క అంకె అటూ ఇటూ చేయలేదన్నది నాకున్న ఒకే ఒక్క ఆస్తి.

“నష్టం ఉందండి” అన్నాను.

జడ్జి గారు రాసుకున్నారు. ప్రజ్ఞ మొహంలో సంతోషం ఏమీ కనిపించలేదు, తీసుకోవాలా నాన్నా అని తండ్రిని మెల్లగా అడగడం నాకు వినిపించింది. రత్నం లేచి, వేసుకున్న తెల్లకోటు విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. అది కాలేజీది కాదు, సొంత కోటే, ఎవరూ ఇమ్మని అడగలేదు. తీసుకెళ్ళమనీ ఎవరమూ చెప్పలేకపోయాం. వీర్రాజు తలుపు దగ్గర వెనక్కి తిరిగి అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన పెసరట్టు తిరగేస్తూ అంతా విన్నారు. నేను అబద్ధం ఆడలేదని రెండుసార్లు అన్నాననుకుంటాను. “ఆడలేదు, సరే. ఆ పిల్ల ఏం తప్పు చేసిందే?” అన్నారు. అట్టు నా కంచంలో వేశారు, నేను తినలేకపోయాను.

ఆరేళ్ళు గడిచాయి. ఐదుగురిలో నలుగురు మిగిలారు. ఇద్దరు మంచి డాక్టర్లని రోగులూ అంటున్నారు, ప్రొఫెసర్లూ అంటున్నారు. ఒకడు మామూలు. ఒకమ్మాయి మధ్యలో మానేసి బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగంలో చేరింది. పదేళ్ళు ఆగకుండా విశ్వపతి గారు నివేదిక అడిగారు. నలుగురితో ఏదీ తేలదని రాసి ఇచ్చాను. ఆ నివేదిక ఎవరైనా చదివారో లేదో తెలియదు, జతనాడి మాత్రం ఇంకో పదకొండు కాలేజీల్లో పెట్టారు. ప్రజ్ఞ చదువు పూర్తి చేసి మా ఆసుపత్రిలోనే పనిచేస్తోంది. కష్టపడే పిల్ల. కారిడార్లో ఎదురైతే తలవంచి పక్కనుంచి వెళ్ళిపోతుంది, నేనూ అంతే.

రత్నం సంగతి నాకు ఫాతిమా వల్ల తెలిసింది. నర్సింగు చదివి, తండ్రికి చూపు తగ్గాక ఆయన దుకాణంలో కూర్చుంటోందట. ఆయనలాగే సూదులు వేస్తోందట, కట్లు కడుతోందట. నేను ఆ నెలలోనే రిటైరవుతున్నాను. ఎందుకు వెళ్ళాలనిపించిందంటే చెప్పలేను. ఇన్నేళ్ళు నొక్కిపెట్టిన ప్రశ్నే అనుకుంటాను, ఆ పిల్ల ఎలాంటి డాక్టరయిందో చూడాలని. డాక్టరు కానిచ్చింది లేదు, ఎలాంటి డాక్టరో చూడాలట. నాకే నవ్వొచ్చింది.

ఒక సాయంత్రం నాలుగింటికి ఉప్పాడ బస్సు ఎక్కాను. ప్రథమ చికిత్సా కేంద్రం అని బోర్డు ఉంది. బయట బల్ల మీద ఎనిమిది మంది కూర్చున్నారు. నేను తొమ్మిదోదాన్ని. నా వంతు వచ్చాక లోపలికి వెళ్ళి, మూడు రోజులుగా తలనొప్పి అన్నాను. గుర్తుపట్టినట్టు రత్నం ఏమీ అనలేదు. కొంచెం లావయింది. నా చెయ్యి అందుకుని మణికట్టు దగ్గర పట్టుకుంది. బస్సులో వచ్చారా అని అడిగింది, ఏ బస్సని అడిగింది, సముద్రం పక్క సీటు దొరికిందా అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను.

“తలనొప్పేం లేదండి మీకు” అంది. “చూడ్డానికొచ్చారు.”

అవునన్నాను.

“ఏం తేలిందండి మరి?”

“ఏమీ తేలలేదమ్మా. నలుగురే మిగిలారు.”

నా చెయ్యి వదల్లేదు. బయట ఎవరో పిల్లవాడు దగ్గుతున్నాడు.

“నేను కూడా ఉండుంటే తేలేదాండి?”

ఈ ప్రశ్నకి రెండు జవాబులున్నాయి. తేలేదని చెప్తే, తన సీటు ఒక పెద్ద పని కోసమే, పోవలసి వచ్చే పోయిందని ఆ పిల్ల అనుకోవచ్చు. అది అబద్ధం. మూడు వందల యాభై ఏడు మంది సంగతి ఐదుగురితో తేల్చలేమని, కనీసం అరవై మంది కావాలని, సీట్లు ఇవ్వరు కాబట్టి ఐదుతో సరిపెట్టుకుంటున్నామని కవరుకి లక్క వేసిన రోజే నా నోటుబుక్కులో లెక్క వేసి పెట్టుకున్నాను. మీటింగు హాల్లో జడ్జి గారు అడిగినప్పుడు కూడా ఆ లెక్క నాకు తెలుసు. ఆయన అడిగినది అది కాదు కాబట్టి నేను చెప్పలేదు. నష్టపోవడానికి అక్కడ ఏమీ లేదని నేనొక్క మాట అనుంటే సరిపోయేది. నేను పాఠం ఒప్పజెప్పాను.

“తేలేది కాదు” అన్నాను.

“ఆ రోజే తెలుసాండి మీకు?”

“తెలుసు.”

నా వైపు చూసింది. ఏదో అంటుందని ఎదురుచూశాను, అంటే బాగుండుననీ అనుకున్నాను. నా మణికట్టు మీద దాని వేళ్ళు పట్టు బిగించలేదు, సడలించలేదు.

“గుండె బాగా కొట్టుకుంటోందండి మీకు” అంది. “ఈ దడతో బస్సెక్కకండి. ఆ బల్ల మీద కాసేపు కూర్చుని, నెమ్మదించాక వెళ్ళండి.”

చెయ్యి వదిలి, తరవాత ఎవరో రమ్మని పిలిచింది. దగ్గుతున్న పిల్లవాణ్ణి తల్లి లోపలికి తీసుకొచ్చింది. నేను బల్ల మీద చివర కూర్చున్నాను.